సౌందర్యదృష్టియు తీరికయు

సౌందర్యమును గూర్చి మన భాషలో వెలువడిన వచనరచనలను విమర్శింప బూనువారు సాధారణముగా గ్రంథాలయమున గూర్చుండి యా పని చేయుదురు. మేము సంజీవదేవ్ వ్యాసములను, ఆయన స్వీయచరిత్ర సంపుటములను ఈ యేడు మరల జదివితిమి. చదివిన చోటు శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి చేరువనున్న రావివలస. చోటు మారినంత మాత్రమున పుస్తకము మారునా యని చదువరులు అడుగవచ్చును. పుస్తకము మారదు, దానిని మనము ప్రశ్నించు తీరు మారును. అట్లు మాకు దోచిన ప్రశ్నలనే యిట మనవి చేయుచున్నాము.

రావివలస పేరు వినినవారికి మొదట దోచునది ఎండల మల్లికార్జునస్వామి. ఆ మహాలింగము 55 అడుగుల యెత్తని చెప్పుదురు. దానిపై కప్పు లేదు, గోపురము లేదు. ఎండకు ఎండుచు, వానకు తడియుచు ఆరుబయట నిలిచియున్నది. రామాయణమున వైద్యుడైన సుషేణు డిచట తపస్సు చేసి దేహము విడిచెననియు, హనుమంతు డా దేహమును మల్లెపూవులతోను జింకచర్మముతోను గప్పెననియు, అందుండి వెలసిన లింగమగుటచే మల్లికాజినస్వామి యను పేరు కలిగి పిదప మల్లికార్జునస్వామి యయ్యెననియు స్థలపురాణము. ఒక జమీందారు గుడి కట్టింప బోగా స్వామి కలలో గనబడి వలదనెనని కూడ చెప్పుదురు. ఇది చరిత్రయని మేము వాదింపము. ప్రజలు కల్పించుకొనిన కవిత్వమని గ్రహించిన చాలును. ఆ కవిత్వములోని భావము గొప్పది: పూజ్యమైనది వెలుతురు నుండి దాగి యుండ నక్కర లేదు, దానిని చూచుటకు తలుపు తెరువ నక్కర లేదు, తల యెత్తిన చాలును. ఐనను కార్తిక సోమవారములలో వచ్చు యాత్రికులను మేము గమనించితిమి. పెక్కుమంది తల యెత్తుటకు ముందే చేతిలోని ఫోను నెత్తుచున్నారు. ఛాయాచిత్రము దక్కినది, చూపు మాత్రము దక్కలేదు.

ఈ చూపును మనకు మరల నేర్ప బూనిన రచయిత సంజీవదేవ్. ఆయన గుంటూరు మండలము తుమ్మపూడిలో 1914లో జన్మించి 1999లో కన్నుమూసెను. యౌవనమున హిమాలయ ప్రాంతముల సంచరించెను. కులూ లోయలో నివసించిన రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ తో స్నేహము చేసెను. తానును బొమ్మలు వేసెను. మంచుకొండల సౌందర్యమును చవిచూచినవాడు పట్టణము చేరి ప్రసిద్ధికై ప్రాకులాడుట లోకమున సహజము. ఆయన యట్లు చేయక తన పల్లెకే వచ్చి, తన పొలముల నడుమ నుండి, చదువుచు, వ్రాయుచు, దేశవిదేశముల మిత్రులకు జాబులు వ్రాయుచు జీవితమును గడపెను. 'తెగిన జ్ఞాపకాలు' మొదలగు స్మృతి సంపుటములును 'రసరేఖ' మొదలగు వ్యాస సంపుటములును ఆ జీవితము నుండి పుట్టినవే.

ఆయన వచనమునకు మేమిచ్చు మొదటి మెప్పు ఇది. 1925లో 'కృష్ణపక్షము' వెలువడిన నాటి నుండి మన భావకవిత్వము సౌందర్యమును అందని దానిగా భావించి విలపించుటకు అలవాటుపడినది. ఆ విలాపములో మాధుర్యము కలదు. కాని దానిని చదివి లేచిన చదువరికి తన పెరడు మునుపటి కంటె చిన్నదిగా గనబడును. సంజీవదేవ్ ను చదివి లేచిన చదువరికి పెరడు పెద్దదగును. సాయంకాలపు వెలుగు గోడపై బడుటయు, వాన వెలసిన పిదప ఆకుల రంగు మారుటయు వార్తలే యని ఆయన మనకు నమ్మకము కలిగించును. ఉపదేశించు గొంతు ఎత్తక, తాను చూచినదానిని నెమ్మదిగా చెప్పుటయే ఆయన పద్ధతి. వచనమున నిట్టి నెమ్మది సాధించుట సులభము కాదు.

ఇట్లనుకొనుచు ఉద్దానములోని బంధువుల యింటికి ఈ పుస్తకములలో నొకదానిని తీసికొనిపోయి, ఒక రాత్రి భోజనానంతరము కొంత బిగ్గరగా చదివితిమి. మాకు మేనత్త వరుసయగు ఆ యింటి యిల్లాలు పగలెల్ల జీడిపిక్కల పనిచేసి వచ్చినది. జీడి నూనె తగిలి నల్లబడిన వ్రేళ్లను ఒడిలో నుంచుకొని శ్రద్ధగా వినినది. మేము ముగించిన పిదప నిట్లనినది:

"బాగుందిరా నాయినా. ఆయన సెట్టు సూసేడు. ఆ సెట్టుకి నీరెవులు పోసేరో అది కూడా రాసేడా?"

మేము పుట లటునిటు త్రిప్పితిమి గాని వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

ఆమె యడిగినదే యీ విమర్శకు మూలము. సంజీవదేవ్ రచనలలో చూచు కంటికున్న ప్రాధాన్యము చేయు చేతికి లేదని మాకు దోచుచున్నది. తీరిక గలవాడు తీరికను గూర్చి వ్రాయుట దోషము కాదు. ఆ తీరిక యెవరి శ్రమచే సమకూరినదో చెప్పకుండుట లోపము. ఈ లోపము ఆయన యొక్కనిది కాదు; సౌందర్యమును గూర్చిన మన వచనమున కెల్ల నున్నదే. ఇందు ఒక అపాయము కూడ కలదు. 'ఉన్నదానిలో అందము చూచుకొనుము' అను మాట మన యిండ్లలో చిరకాలముగా నెవరికి చెప్పబడుచున్నది? ఇంటి కోడలికి, కూలికి, అప్పుపడినవానికి. చెప్పువాడు తన పాలు తగ్గించుకొనడు. వినువాడు తన కోరిక తగ్గించుకొనవలయును. సౌందర్యదృష్టి అట్టి నోరునొక్కు సాధనమగునెడల దానిని సంస్కారమని పిలువరాదు.

ఇందుకు విరుగుడుగా మా జిల్లా రచయిత కాళీపట్నము రామారావు 1964 నాటి 'యజ్ఞం' కథను చదువుమని కోరుచున్నాము. అప్పు తరతరముల దాస్యమై ఒక కుటుంబము నెట్లు పట్టి పీడించునో అందు చూడవచ్చును. ఆ కథలోని పల్లెలోను చెట్లు గలవు, పొద్దు గలదు. కాని వానిని చూచు తీరిక యెవరికి గలదను ప్రశ్న ప్రతి పుటలో తగులును. ఒకరు కంటిని, ఒకరు చేతిని మనకు చూపిరి. ఈ రెండు పుస్తకములును ఒకే యింటి అరలో ప్రక్కప్రక్కన నుండదగినవి.

ఐతే మా మేనత్త ప్రశ్నతో సంజీవదేవ్ ఓడిపోయెనని తీర్పు చెప్పుట తొందరపాటగును. మరునాడు తెల్లవారక ముందే ఆమె లేచి వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసినది. పండుగ కాదు, చూచుటకు వచ్చువారు లేరు, పనికి పోవలసిన వేళ దగ్గర పడుచున్నది. ఒక గీత వంకర పోగా చెరిపి మరల వేసినది. ముగించి నాలుగడుగులు వెనుకకు పోయి, నడుముపై చేయి యుంచుకొని, క్షణకాలము దానిని చూచి, పిదప లోనికి పోయినది. ఆ క్షణమును ఆమెకు ఏ గ్రంథమును నేర్పలేదు. అందము తీరిక గలవారి సొత్తని ఆమె పక్షమున వాదించు మేమే ఆమెను తక్కువ చేయుచున్నామని అప్పుడు తెలిసినది. కష్టజీవికి సౌందర్యదృష్టి లేకపోలేదు. ఉన్నదానికి చాలినంత వేళ లేదు. ఈ భేదమును గుర్తింపని విమర్శ సగము విమర్శ.

టెక్కలి మండలములోనే తేలినీలాపురము కలదు. ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును అచటికి వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచి మరల పోవును. చూడవచ్చినవారు మెచ్చుకొని పోవుదురు. అచటి గృహస్థులో, ఆ రొదను, చేపల వాసనను, రెట్టలను నెలల తరబడి ఓర్చుకొని, పక్షులు రాకున్న ఊరికి మేలు కాదని భావించి వానిని కాపాడుచున్నారు. చూపు ఒక గడియలో ముగియును. ఓర్పు ఏడాదికొక మారు మరల మొదలగును. సౌందర్యమును నిలుపునది చూపు మాత్రము కాదు, ఓర్పు కూడ నని మేము ఈ యూరినుండి నేర్చికొంటిమి.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి చెట్లును జీడిమామిడి చెట్లును ఒక్క రాత్రిలో నేల గూలినవి. పచ్చదనమునకు పేరుపడిన నేల బోసిపోయినది. నాటు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లైనను పట్టును. అట్టి నేలపై మరల మొక్క నాటినవాడు నీడను ఊహించి నాటినాడు. ఫలమును ఊహించియు నాటినాడు. ఆ రెంటిని వేరుచేసి, నీడ సౌందర్యశాస్త్రమునకు, ఫలము అర్థశాస్త్రమునకు పంచియిచ్చుట పండితుల పని. నాటినవాని మనస్సులో అవి వేరుగా లేవు.

కావున మా తీర్పు ఇది. సంజీవదేవ్ రచనలు మన గృహములలో చదువదగినవి. వానిని చదివినవారు కిటికీ యొద్దకు పోవుటతో ఆగరాదు, వంటయింటి లోనికి కూడ పోవలయును. సాయంకాలపు వెలుగు ఇంటి యజమానికి కనబడుచున్న సమయమున ఇల్లాలు పొగలో నున్నచో ఆ యింట సౌందర్యము సగమే యున్నది. నీళ్లు తోడుటలో, పాత్రలు తోముటలో, పిల్లల నాడించుటలో పురుషులు పాలు పంచుకొనిననాడు ఆమెకును అరగడియ మిగులును. ఆ అరగడియను ఆమె ముగ్గునకిచ్చునో, పుస్తకమున కిచ్చునో, ఊరక కూర్చుండుట కిచ్చునో అది ఆమె యిష్టము. దానిని గూర్చి ఉపదేశము చేయుటకు మన కధికారము లేదు.

ఆ పుస్తకమును మేము మా మేనత్త యింటనే విడిచి వచ్చితిమి. నల్లబడిన వ్రేలి గుర్తులు కొన్ని పుటలపై బడినవని ఆమె కుమార్తె జాబు వ్రాసినది. ఆ గుర్తులున్న ప్రతినే మేము మరల చదువ గోరుచున్నాము.