లప్పం కింద ఎంత జీపు?

బోల్టు తల మీద ‘ఎఫ్’ అక్షరం ఉందా లేదా అని బండి కిందకి దూరి టార్చిలైటు వేసి వెతికే మనుషులున్నారు. నేనూ వాళ్ల వెంట తిరిగేవాణ్ణే. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డు కంపెనీ కట్టిన జీపుల్లో బోల్టులు, బ్రాకెట్లు, పెడళ్లు, ఒకటేమిటి, వీలున్నచోటల్లా తన అక్షరం కొట్టుకుంది. డ్రాయింగులు విల్లీస్ కంపెనీవి. ఫోర్డు వాటిని తీసుకుని అదే బండి కట్టింది. రెంటి సామాన్లూ ఒకదానికొకటి సరిపోతాయి. అంచేత ఈ ఎనభై ఏళ్లలో ఏ బండి రేడియేటర్ ఏ బండికి పోయిందో, ఎవరి బోల్టు ఎవరి పాలైందో దేవుడికే ఎరుక. అలాంటిది, పుట్టినప్పటి బోల్టులతోనే మిగిలిన ఫోర్డు జీపు ఎక్కడైనా కనబడితే రెండు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. విల్లీస్ పక్షం వాళ్లు ఈ మాటకి నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

పాత మిలిటరీ బళ్లను వెతికి పట్టుకుని, విప్పి, తుప్పు వదిలించి, మళ్లీ నడిపించడం చాలా దేశాల్లో ఉన్న సరదా. అమెరికాలో 1976 నుంచి దానికంటూ ఒక సంఘమే ఉంది. మిత్రసేనలు ఒడ్డున దిగిన రోజని, ఏటా జూన్ 6 వచ్చిందంటే ఫ్రాన్సులోని నార్మండీ రోడ్ల మీద జీపులు బారులు తీరతాయి. ఆ దేశాలవాళ్లు టాంకులు కూడా కొని పెరట్లో పెట్టుకుంటారు. మన దగ్గర టాంకు కొనేంత డబ్బున్నవాళ్లు ఉన్నా, ఇంట్లో ఉంచుకోనిచ్చేవాళ్లు లేరు. మనకు దక్కింది జీపు. కాస్త స్థోమత ఉండి, పెట్రోలు ఖర్చుకు వెరవనివాడికి జబల్‌పూర్‌లో కట్టిన మిలిటరీ బండి జోంగా. అందుకే నా మాటంతా జీపు చుట్టూనే తిరుగుతుంది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే తేలిక బండి కావాలి, 49 రోజుల్లో నమూనా తెచ్చి చూపించాలి అని. ఆ గడువుకు తూగింది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండ్రోజుల్లో డ్రాయింగులు గీసి పడేశాడంటారు. సెప్టెంబరు 23న బండి హోలాబర్డ్ క్యాంపుకు చేరింది. కష్టం బాంటమ్‌ది, పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డుకీ పోయాయి. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ మూడున్నర లక్షల పైచిలుకు, ఫోర్డు రెండు లక్షల డెబ్భై వేల పైచిలుకు కట్టి పంపాయి.

ఇందులో విల్లీస్ ఇంజనీరు బార్నీ రూస్ సంగతి ఒకటి ఉంది. సైన్యం పెట్టిన బరువు హద్దు 2,160 పౌండ్లు, అంటే 980 కిలోలు. రూస్ బండి దాన్ని దాటిపోయింది. చిన్న ఇంజను పెడితే గొడవే లేదు. కానీ అరవై గుర్రాల బలమున్న తన ‘గో డెవిల్’ ఇంజను మీద ఆయనకు ప్రాణం. దాన్ని ముట్టుకోకుండా బండిని ముక్కముక్కగా విప్పించి, పొడవెక్కువైన బోల్టులు కోయించి, రంగు కూడా ఒక్క పూతతో సరిపెట్టించాడని చెప్పుకుంటారు. ఈ కథ గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

బర్మా యుద్ధానికని ఇటు వచ్చిన జీపులు యుద్ధం అయ్యాక డిస్పోజల్ సరుకుగా జమీందార్ల వేట బళ్లయ్యాయి, కంట్రాక్టర్ల బళ్లయ్యాయి. అమెరికాలో పెట్టెలో పెట్టి గ్రీజు పూసిన కొత్త జీపు యాభై డాలర్లకే దొరికేదన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది. అలా కొన్న రసీదు మాత్రం ఎవరూ తెచ్చి చూపించరు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలైన కంపెనీ, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుని, విల్లీస్ నమూనాలనే ఇక్కడ కట్టింది. ఆ భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి గవర్నర్ జనరల్ అయ్యాడు, అది వేరే కథ. ఈ మహీంద్రా జీపులే పాడేరు, అరకు ఘాట్లలో బానెట్ మీద కూడా మనుషుల్ని కూర్చోబెట్టుకుని తిరిగాయి. పాత విల్లీస్ సామాన్లు చాలామటుకు అక్కడే, వాటి కడుపులోనే అరిగిపోయాయి.

ఇక పని సంగతి. అసలు నేను కలం పట్టింది దీనికోసమే.

జీపు బాడీని టబ్ అంటారు. తలుపుల్లేని రేకు తొట్టి. దాని నేల కింద అడ్డంగా, నిలువుగా టోపీ ఆకారంలో మడిచిన రేకు పట్టీలుంటాయి. బలం కోసం వాటిలో కొన్నిటి లోపల చెక్క దూర్చారు. ఆ రోజుల్లో అది తెలివైన పనే, ఎవరూ ఈ బండి ఎనభై ఏళ్లు బతకాలని కట్టలేదు. చెక్క నీళ్లు తాగి ఆరదు. రేకు లోపల్నుంచి కుళ్లుతుంది. పైకి నున్నగా కనిపించే టబ్‌ను వేలితో పొడిస్తే వేలు దిగిపోతుంది. సామాన్య మెకానిక్ ఏం చేస్తాడు? నేల మొత్తం కోసేసి కొత్త షీటు అతుకుతాడు. విజయవాడ ఆటోనగర్‌లో నేను ఎరిగిన టింకరింగ్ మేస్త్రి ఒకాయన అలా చెయ్యడు. కుళ్లినంత మేరే, అరచేయంత ముక్క అయితే అరచేయంత, కత్తిరించి తీస్తాడు. అంతే మందం రేకు తెచ్చి, అంచుకు అంచు తగిలేలా పెట్టి, సన్నటి మంటతో ఒకచోట ఒక చుక్క, ఎదుటి మూల ఇంకో చుక్క వేస్తూ పోతాడు. వరసగా గీత లాగితే వేడికి రేకు పొంగుతుందని ఆయనకు తెలుసు.

అప్పటికీ రేకు ఎక్కడో చోట సాగి, నొక్కితే టప్పున లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. ఆ సాగిన రేకును కుదించడం చూడాలి. రూపాయి బిళ్లంత మేర మంట పెట్టి ఎర్రగా కాలుస్తాడు. అడుగున ఎడంచేత్తో ఇనప దిమ్మ ఆనించి, పైన సుత్తితో చుట్టూరా నాలుగు దెబ్బలు, మధ్యలో ఒకటి. వెంటనే తడిగుడ్డ. చుయ్యిమని ఆవిరి లేచి రేకు బిగుసుకుంటుంది. మళ్లీ రెండంగుళాల అవతల ఇంకో బిళ్ల. చూపుతో పనిలేదు ఆయనకు, అరచెయ్యి ఆనించి పోనిస్తూ ఎక్కడ ఎత్తుందో చెబుతాడు. నేను ఆ చోటే తడిమితే నాకేమీ తగల్లేదు. ‘ఇంత అవస్థ ఎందుకు మేస్త్రీ, కొత్త రేకు వేసేస్తే పోలా?’ అన్నాను. ఆయన తలెత్తకుండానే, ‘కొత్త రేకు కావాలంటే కొత్త బండే కొనుక్కోండి సార్, దీని దగ్గరకెందుకొచ్చారు?’ అన్నాడు.

ఇంజను పని చేసేవాళ్లలో నేను చూసిన మేటి సికింద్రాబాద్‌లో ఉన్నాడు. ఇఎంఇలో హవల్దారుగా చేసి రిటైరైన పెద్దాయన. సైన్యం బళ్లను బాగుచేసే ఆ శాఖ జట్లు ప్రదర్శనల్లో జీపును నిమిషాల్లో విప్పి బిగించి నడిపేసుకుంటూ పోతాయి, చప్పట్లు మోగిపోతాయి. ఈయన మాత్రం దాన్ని సర్కస్ అని కొట్టిపారేస్తాడు. ఏళ్ల తరబడి కదలక పట్టేసిన ఇంజను వస్తే, ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలూ కిరోసినూ కలిపి పోసి వారం రోజులు దాని జోలికి పోడు. తొందరపడి రాడ్డు వేసి తిప్పిన వాళ్లను ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. ఇంజను నడిచాక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు మొరాయిస్తోందో చెబుతాడు. గో డెవిల్‌లో వాల్వులు సిలిండర్ల పక్కనే బ్లాకులో కూర్చుంటాయి కాబట్టి హెడ్డు తీయడం తేలిక. కష్టమంతా వాల్వులు కూర్చోబెట్టడంలో ఉంది. వాల్వు అంచుకు గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పున్న పుల్లను రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతాడు, గంటల తరబడి. అంచు చుట్టూ బూడిదరంగు గీత తెగకుండా వచ్చేదాకా వదలడు. వచ్చాక కూడా నమ్మడు. కిరోసిన్ పోసి, అవతలికి చెమ్మ దిగిందేమో చూస్తాడు. ఈ పనికి ఇప్పుడు మిషన్లున్నాయి కదా అంటే, ‘ఉన్నాయి బాబూ, చేయించుకుని రా, నేను మళ్లీ విప్పుతాను’ అంటాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క జాగ్రత్త కొత్తవాళ్ల కోసం చెబుతాను. మిలిటరీ జీపు రిమ్ము రెండు ముక్కలు, చుట్టూ నట్లతో బిగించి ఉంటుంది. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే మనిషి మిగలడు.

విదేశీ మేస్త్రుల ఘనత కూడా తలుచుకోవాలి. ఇంగ్లండులో బోవింగ్టన్ టాంకు మ్యూజియం వాళ్లు 1943లో ట్యునీషియాలో పట్టుకున్న జర్మన్ టైగర్ టాంకును నడిచేలా చేశారు. ప్రపంచంలో నడిచే టైగర్-1 అదొక్కటే. కాలిఫోర్నియాలో జాక్ లిటిల్‌ఫీల్డ్ అనే ఆయన, పోలండ్‌లో నీళ్లలో మునిగిపోయిన పాంథర్ టాంకును తెప్పించి, ఏళ్లకేళ్లు పని చేయించి, 2009లో కన్నుమూయడానికి కొద్దిముందు దాన్ని కదిలించి చూసుకున్నాడు. డబ్బున్న మారాజు అనకండి. డబ్బున్నవాళ్లు బోలెడు మంది, నీళ్లలో కుళ్లిన ఇనుముకు ప్రాణం పోసినవాళ్లెందరు? మనకు అహ్మద్‌నగర్‌లో, ఇప్పటి అహిల్యానగర్‌లో, 1994లో పెట్టిన టాంకు మ్యూజియం ఉంది. రోల్స్‌రాయిస్ కవచ కారు సహా అపురూపమైన సరుకు. చూసి తీరవలసిన చోటు.

ఇక నా ఒళ్లు మండే విషయం. ఇప్పుడు ఎక్కడ చూసినా ‘1942 విల్లీస్’లే. పెళ్లి ఊరేగింపుల్లో, రిసార్టుల గుమ్మాల్లో, ఎన్నికల ప్రచారంలో. బానెట్ మీద తెల్ల నక్షత్రం, వెనక స్పేర్ టైరు, జెర్రీ క్యాను. దగ్గరికెళ్లి చూస్తే ఎనభైల నాటి మహీంద్రా ఛాసీ, దాని మీద నిన్న మడిచిన రేకు తొట్టి, లోపల డీజిల్ ఇంజను. హర్యానాలో మండీ డబ్వాలీ లాంటి ఊళ్లలో ఇలాంటి బళ్లు కట్టడమే ఒక పరిశ్రమ. ఆ పనివాళ్ల చేతివాటానికి నేను పేరు పెట్టను. అడిగిన బండి అడిగినట్టు కడతారు, అది వాళ్ల బతుకు. హై బానెట్ కోసి లో బానెట్ చేసుకుని ఊళ్లో తిరిగే కుర్రాళ్లతోనూ నాకు తగువు లేదు. దాన్ని 1942 అని అమ్మేవాణ్ణి మాత్రం ఏమనాలి? డాష్‌బోర్డు మీద అతికించే రేకు పలకలు కొత్తవి అచ్చు గుద్ది దొరుకుతున్నాయి. వెనక రేకు మీద విల్లీస్ అన్న అక్షరాలు కూడా కొట్టించి పెడతారు. నాకు ఎరుకైన ఒక రైతు పొలం అమ్మిన డబ్బులో కొంత పెట్టి ఇలాంటిదొకటి కొన్నాడు. శాండ్ బ్లాస్టింగుకు పంపితే ఇసుక దెబ్బకు లప్పం పెళ్లలు పెళ్లలుగా రాలింది. పక్క రేకు మీద వేలెడు మందం. ఒక్క పూత రంగు బరువు కూడా లెక్కపెట్టుకున్న రూస్ బండికి, ఇన్ని కిలోల లప్పమా!

అంతకంటే ఘోరం ఇంకోటుంది. నకిలీ కట్టేవాడు కనీసం అసలును ముట్టుకోడు. నిజమైన విల్లీస్ దొరికినా గో డెవిల్‌ను పీకి కాటాకు వేసి డీజిల్ ఇంజను బిగించేవాళ్లున్నారు, మైలేజీ కోసం! ఆదివారం పూట పది కిలోమీటర్లు తిప్పే బండికి మైలేజీ ఏమిటండీ?

సర్కారు తీరూ అంతంతే. 2021 జులైలో పాత బళ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండికి ‘వీఏ’ నంబరు, ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. మంచి పని, కాదనను. కానీ మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఇంకా అలాగే ఉంది. సైన్యానివి తప్ప వేరే బళ్లకు ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. దొంగలు సైనిక బళ్ల ముసుగు వేసుకోకూడదని పెట్టిన నిబంధన, అర్థం చేసుకోగలను. ఫలితమేమిటంటే, పుట్టినప్పటి బోల్టు కోసం పదేళ్లు వెతికినవాడు చివరికి తన బండికి పుట్టినప్పటి రంగు వేసుకోలేడు. వీఏ నంబరున్న బళ్లకైనా ఈ నిబంధన సడలించమని రవాణా శాఖను అడుగుతున్నాను. రెండో మనవి ఐటీఐల వాళ్లకు. సికింద్రాబాద్‌లో, ఆటోనగర్‌లో ఇలాంటి చేతులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. నెలకు నాలుగు రోజులైనా పిలిచి, ఇంత గౌరవ వేతనమిచ్చి, పిల్లల ఎదుట పని చేయించండి. ఆ ఆటోనగర్ మేస్త్రి కొడుకే ఏసీ షోరూములో సర్వీస్ అడ్వైజరు. తండ్రి సుత్తి పట్టుకోవడం అతనికి రాదు, అతని తప్పేమీ లేదు.

పాత జీపు కొనే ఆలోచన ఉన్నవాళ్లు బానెట్ మీది నక్షత్రం చూసి మురిసిపోకుండా కింద చూడండి. రేడియేటర్ కింద ఛాసీకి అడ్డంగా ఉండే ముందు దూలం గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన ‘యు’ ఆకారం మడత అయితే ఫోర్డు. మామూలుగా ముందు జాలీలో తొమ్మిది గళ్లుంటాయి, ఏడుంటే అది యుద్ధం తర్వాతి బండి. పెట్రోలు పోసే మూత డ్రైవరు సీటు కింద ఉండాలి, బాడీ పక్కన కాదు. వెనక తలుపు తెరుచుకుందంటే మిలిటరీది కాదు. హెడ్‌లైట్లు మడత బందు మీద వెనక్కి తిరిగి ఇంజను మీద వెలుగు పడేలా ఉండాలి. వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకోండి, పక్క రేకుల మీద, చక్రాల గూళ్ల దగ్గర ఆనించి చూడండి, లప్పానికి అది పట్టదు. అయస్కాంతం బయటికి తీయగానే అమ్మేవాడు టీ తెప్పిస్తానంటే, టీ తాగి వచ్చేయండి.