నోటినిండా పిల్లలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సముద్రపు జెల్లను కోసేవాళ్ల చేతులు చూడాలి. కత్తి ముందు పొట్ట మీదికి పోదు. వీపు మీద ఒకటి, మొప్పల వెనక చెరోపక్కా ఒకటి, ఈ మూడు ముళ్లూ తీశాకే మిగతా పని. బెదిరితే జెల్ల ఆ ముళ్లను నిక్కబొడిచి కీలు బిగించేస్తుంది. అంచుల్లో రంపపు పళ్లు, పైన విషం. చచ్చిన జెల్ల కూడా గుచ్చుతుంది. గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచాలి, ఆ విషం వేడికి విరుగుతుంది. ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో డాక్టరుకు చూపించుకోవాలి. ఒంటికి పొలుసులుండవు కాబట్టి తర్వాత రాళ్లఉప్పుతో జిగురు పోయేదాకా రుద్దుతారు.

అక్కడ ఓ అక్క నన్ను పిలిచి ఒక జెల్ల నోరు విప్పి చూపించింది. "మగదే బాబూ, పిల్లల్ని మోస్తంది" అంది. లోపల గోలీకాయలంత పసుపు గుడ్లు, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ. పొట్ట చీరితే పేగు ఖాళీ.

సముద్రపు జెల్లల కుటుంబంలో గుడ్లు మోసేది తండ్రే. ఆడది పెట్టిన గుడ్లను నోట్లోకి తీసుకుని వారాల తరబడి మోస్తాడు. ఆ నోటిలోంచి పారే నీరే గుడ్లకు ఊపిరి. పిల్లలు బయటికొచ్చాక కూడా, పొట్టకంటుకున్న సొన కరిగేదాకా ఆ నోరే ఇల్లు. అన్నాళ్లూ అతనికి తిండి దాదాపు ఉండదు. చాలా సముద్రపు చేపలు లక్షల్లో గుడ్లు వదిలేస్తే, జెల్లకు ఉండేవి పదుల్లోనే, మహా అయితే వందకు కాస్త అటూఇటూ. ఉన్న ఆ కొద్దిపాటినీ బతికించుకోవడమే దీని పద్ధతి.

అందుకే చేపల గుంపును చుట్టేసి బిగించే రింగు వల దీనికి తీరని దెబ్బ. కర్ణాటక తీరంలో 1980 ప్రాంతంలో ఇలాంటి వలలు గుడ్లు మోస్తున్న మగజెల్లల గుంపులనే చుట్టేశాయి. వల బిగిస్తే జెల్ల గుడ్లు కక్కేస్తుంది, తండ్రి నోరు దాటిన గుడ్డు బతకడం కష్టం. అంటే ఒక్క వలలో రెండు తరాలు పోతాయి. అక్కడ జెల్లల వేట ఆ తర్వాత బాగా పడిపోయింది.

రింగు వలల గొడవ మన తీరంలోనూ ఉంది. కానీ ఆ మాటలన్నీ ఎవరు ఎంత దూరంలో వెయ్యాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి. నోట్లో గుడ్లున్న గుంపు అని తెలిసిన క్షణంలో, వల బిగించకముందే విడిచిపెట్టాలన్న నియమం కూడా అందులో చేరాలి. వదిలేసినందుకు ఆ పడవకు పరిహారమూ దక్కాలి.