నిష్క్రియా రవాణా: రెండు మార్కుల జవాబులో దాగిన తప్పులు

"శక్తి వినియోగం లేకుండా, ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢత వైపు పదార్థాలు కణత్వచం గుండా కదలడాన్ని నిష్క్రియా రవాణా అంటారు." ఈ వాక్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. పరీక్షలో రాస్తే రెండు మార్కులూ వస్తాయి. అయినా పుస్తకాలు ఈ పాఠం చెప్పే తీరు మీద నాకు మూడు ఫిర్యాదులున్నాయి. ఒక్కొక్కటే మీ ముందుంచుతాను. తీర్పు మీరే చెప్పండి.

మొదటి ఫిర్యాదు అగరుబత్తి మీద. వ్యాపనానికి ఉదాహరణగా గది మూల వెలిగించిన అగరుబత్తిని చూపని పుస్తకం అరుదు. కానీ ఆ వాసనను మన ముక్కు దాకా మోసుకొచ్చేది ప్రధానంగా గదిలోని గాలి కదలికే. అణువులు తమంత తాము అడ్డదిడ్డంగా తిరుగుతూ వ్యాపించడం చాలా నెమ్మది పని. నీటిలో గ్లూకోజ్ అణువునే తీసుకోండి. ఒక కణమంత దూరం, అంటే మిల్లీమీటరులో నూరోవంతు, దాటడానికి దానికి సుమారు సెకనులో పదోవంతు చాలు. అదే ఒక సెంటీమీటరు దాటాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది! దూరం వెయ్యి రెట్లయితే కాలం పది లక్షల రెట్లవుతుందన్నమాట. కణాలు ఇంత చిన్నవిగా ఎందుకున్నాయి? పెద్ద జంతువులకు గుండె, రక్తనాళాలు ఎందుకు కావలసి వచ్చాయి? ఈ ఒక్క లెక్కతో రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. అగరుబత్తి ఈ అసలు సంగతిని పొగలో కప్పేస్తోంది.

రెండో ఫిర్యాదు జల్లెడ మీద. కణత్వచం జల్లెడ లాంటిదని, చిన్నవి దూరిపోతాయని, పెద్దవి ఆగిపోతాయని చెబుతారు. మరి సోడియం అయాను ఆక్సిజన్ అణువు కంటే చిన్నది కదా! ఆక్సిజన్ సునాయాసంగా దాటే చోట సోడియం ఎందుకు ఆగిపోతుంది? త్వచం మందం సుమారు 7 నానోమీటర్లే అయినా, దాని నడిమి భాగం నూనె వంటిది. విద్యుదావేశం ఉండి నీటి అణువులను అంటిపెట్టుకునే అయాను ఆ నూనె పొరలోకి దిగలేదు. కాబట్టి చూడవలసింది సైజు ఒక్కటే కాదు, స్వభావం కూడా.

నీటి సంగతి మరీ ఆసక్తికరం. కొంత నీరు ఆ నూనె పొర గుండానే జారుతుంది. కానీ ఎర్ర రక్తకణాల్లో నీరు అంత వేగంగా ఎలా దాటుతుందో చాలాకాలం అంతుపట్టలేదు. 1992లో పీటర్ ఆగ్రె బృందం ఎర్ర రక్తకణాల్లో దొరికిన ఒక ప్రోటీన్‌ను ఆఫ్రికా కప్ప అండకణాల్లో తయారయ్యేలా చేసింది. పలుచని ద్రావణంలో వేయగానే ఆ అండకణాలు గబగబా ఉబ్బి పగిలిపోయాయి. ఆ ప్రోటీన్ లేని అండకణాలు అలా పగలలేదు. ఆ ప్రోటీనే ఆక్వాపోరిన్. దాని ఒక్క మార్గం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు దాటగలవు. 2003లో ఆగ్రెకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన పుస్తకాల్లో మాత్రం పెంకు కరిగించిన కోడిగుడ్డే ఇంకా కణత్వచానికి నమూనా! ద్రవాభిసరణం చూపడానికి ఆ గుడ్డు పనికొస్తుంది, కాదనను. కానీ దాని మీద కనిపించే పొర ప్రోటీను పోగుల అల్లిక, కణత్వచం కాదు.

మూడో ఫిర్యాదు 'నిష్క్రియ' అనే మాట మీదే. అనువాదకుడిగా ఈ మాటను నేనూ ఎన్నోసార్లు వాడాను, కనుక తప్పులో నాకూ వాటా ఉంది. మేడ మీది ట్యాంకు నుంచి కొళాయికి నీళ్లు వాటంతట అవే వస్తాయి. కానీ వాటిని పైకెక్కించిన మోటారుకు కరెంటు ఖర్చు కాలేదా? ఎర్ర రక్తకణంలో పొటాషియం బయటికంటే 30 రెట్లకు పైగా ఎక్కువ. ఏటీపీని ఖర్చుచేస్తూ సోడియం-పొటాషియం పంపు రాత్రింబవళ్లు పనిచేస్తేనే ఆ తేడా నిలుస్తుంది. ఆ తేడా ఉన్నందునే పొటాషియం 'ఊరికే' బయటికి రాగలదు.

ఈ 'ఊరికే రావడం' ఎంత దూరం పోతుందో నేనుండే భిలాయిలో తెలుస్తుంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఈ ఉక్కు నగరంలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో సికిల్ సెల్ వ్యాధి జన్యువు తరచుగా కనిపిస్తుంది. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన బిడ్డకు, ఆక్సిజన్ వదిలిన హీమోగ్లోబిన్ పొడవాటి పోగులుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన త్వచం గుండా కాల్షియం లోపలికి వస్తుంది. దానితో పొటాషియం మార్గాలు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోతుంది, వెంట నీరూ పోతుంది. నీరు తగ్గితే లోపల హీమోగ్లోబిన్ గాఢత పెరుగుతుంది, పోగులు మరింత త్వరగా కడతాయి. ఈ విషవలయంలో పొటాషియం, నీరు బయటికి పోవడం మీ రెండు మార్కుల నిష్క్రియా రవాణాయే!

ఆ పొటాషియం మార్గాన్ని మూసే సెనికపాక్ అనే మందును రోగుల మీద పరీక్షించారు. రక్తకణాలు నశించడం తగ్గింది గానీ నొప్పి దాడులు తగ్గలేదు. అంటే ఆ వ్యాధికి ఇదొక్కటే తలుపు కాదు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం పరీక్షల మీద, అవగాహన మీద దృష్టి పెట్టింది. ఆ అవగాహనకు తరగతి గది కంటే మంచి చోటేది?

40 డిగ్రీలు దాటే మే ఎండలో ఈ వ్యాధి ఉన్న పిల్లకు ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం. పైగా ఈ వ్యాధిలో మూత్రపిండాలు నీటిని సరిగా నిలుపుకోలేవు. అందుకే ఆ పిల్ల మాటిమాటికీ నీళ్లు తాగుతుంది, మాటిమాటికీ బయటికి వెళతానంటుంది. నీళ్లు ఆ జబ్బును నయం చేయవు, కానీ వాటి అవసరం నిజం. పాఠం సరిగా అర్థమైన తరగతి ఆ పిల్లను చూసి నవ్వదు.

కాబట్టి మీకో పని చెబుతాను. పచ్చి బంగాళదుంప ఒకటి, ఉడికించినది ఒకటి తీసుకుని గుంట చేసి, గుంటలో పంచదార పాకం పోసి, నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి. పచ్చిదానిలో పాకం మట్టం పెరుగుతుంది. ఉడికినదానిలో అలా పెరగదు. ఎందుకో మీ మాటల్లో రాయండి. 'నిష్క్రియ' అన్న మాట వాడకుండా రాయగలిగితే, పాఠం మీకు వచ్చినట్టే.