తీగ చుట్టకముందే తేల్చుకోవాలి

ఈ వారం ఒక పెళ్లిలో మా అన్నయ్య కూతురి గురించి విన్న మాట నాకు మంట పుట్టించింది. "పెళ్లిచూపుల కోసం దవడ కోయించుకుంటుందట!" ఆ పిల్లకు కింది పలువరస పై వరసను దాటి ముందుకు మూసుకుంటుంది. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "అత్తా, క్లిప్పులతో సరిపెట్టుకోనా, ఆపరేషన్‌కి వెళ్లనా?" అని అడిగింది.

ఆడపిల్లల మొహాలకు మార్కులు వేసే అలవాటు మీద, మేనరికాల మీద నేనెంత రాశానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. రెండూ గుర్తొచ్చే దవడ ఒకటి చరిత్రలో ఉంది. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ బొమ్మలను వెలాస్కెజ్ చాలా గీశాడు. వాటిలో ముందుకొచ్చిన గడ్డం హాబ్స్‌బర్గ్ వంశానిది. ఆ రాజు 1649లో సొంత చెల్లెలి కూతురు మరియానాను చేసుకున్నాడు. మన లెక్కలో అచ్చమైన మేనరికం. 1661లో వాళ్లకు పుట్టిన రెండో కార్లోస్ తిండి సరిగా నమలలేకపోయేవాడు. 1700లో వారసుడు లేకుండానే పోయాడు.

అయితే ఇలాంటి దవడకు మేనరికమే అక్కర్లేదు. మా ఇంట్లో ఆ సంబంధాలు లేవు, అయినా మా మేనత్తదీ ఇదే దవడ. ఆవిడ జామకాయ కొరకగా ఎవరూ చూడలేదు. కత్తిపీట ముందేసుకుని సన్నగా తరుక్కునేది. మొక్కజొన్న పొత్తయితే గింజలు ఒలుచుకునేది. ఇంట్లో దానికి నాజూకుతనం అని పేరు. పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానికొకటి అందకపోతే కొరకడం కుదరదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోకుండానే వెళ్లిపోయింది.

కత్తి పడని దారే మంచిదని ఎవరికైనా మొదట అనిపిస్తుంది. తేడా పళ్లలోనే ఉంటే, లేదా ఎముకలో కొద్దిగానే ఉంటే, క్లిప్పులు చాలు. ఎముకలోనే ఎక్కువ తేడా ఉంటే మాత్రం క్లిప్పులు దాన్ని కప్పిపుచ్చగలవే తప్ప సరిచేయలేవు. అలా కప్పడానికి కిందిపళ్లను లోపలికి వంచుతారు. చోటు కోసం ఒక్కోసారి ఇటొకటి అటొకటి మంచి పళ్లు పీకేస్తారు.

ఆపరేషన్‌కి ముందు వేసే క్లిప్పుల పని దీనికి సరిగ్గా ఎదురు. వంగిన పళ్లను వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు. దాంతో ఏడాది, ఏడాదిన్నర పాటు కింది వరస ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత నోటి లోపలి నుంచే ఎముక కోసి, జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. కింది దవడను నిలువునా చీల్చి జరిపే పద్ధతిని ఆస్ట్రియా సర్జన్లు ట్రౌనర్, ఓబ్వెగెజర్ 1957లో ప్రచురించారు. చాలామందిలో అసలు లోపం వెనక్కి ఉండిపోయిన పై దవడది. అప్పుడు దాన్నే ముందుకు తెస్తారు. కొన్ని వారాలు జావలూ మెత్తటి తిండే గతి. కింది దవడలోంచి నరం వెళుతుంది కాబట్టి పెదవి, గడ్డం మొద్దుబారతాయి. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఇది చిన్న విషయం కాదు.

నలుగురి కళ్ల కోసమే అయితే, ఉన్న తేడా ఏడాదికి పైగా ఇంకా పెరిగి కనిపించే దారి ఎవరు పట్టుకుంటారు? చూసేవాళ్లను తృప్తిపరిచేది కప్పిపుచ్చే వైద్యమే. తేడా పెద్దదైనప్పుడు, కొరుక్కు తినడం కోసం ఆపరేషన్‌కి వెళ్లడం సోకు కాదు. మా పిల్లకి వెళ్లమనే చెప్పాను.

ఇలాంటి దవడ ఉన్న పెద్దవాళ్లకు ఒక్క మనవి. "ముందు క్లిప్పులు వేసి చూద్దాం, చాలకపోతే ఆపరేషన్" అనే మాటకు ఒప్పుకోకండి. రెండు దారుల్లో పళ్లు జరిగే దిక్కులే వేరు, పీకిన పన్ను తిరిగి రాదు. తీగ చుట్టించుకోకముందే ఆర్థోడాంటిస్టునూ, దవడ సర్జన్‌నూ ఇద్దరినీ కలిసి, ఏ దారో తేల్చుకోండి.