తూర్పున ఎవరు?

స్థలమో పొలమో బేరం కుదుర్చుకుని జనం మా అరుగెక్కగానే నాన్న మొదట అడిగే మాట ఒకటుండేది: "తూర్పున ఎవరండీ?"

ధర, బయానా, కాగితం ఎవరి పేరిట అన్నవన్నీ ఆ తర్వాతే. "మా పెదనాన్నగారి చేనండీ" అని అమ్మేవాడంటే, "ఆయన పోయి చాన్నాళ్లయిందిగా, ఇప్పుడు దున్నుతున్నదెవరు?" అనేవారు. జవాబు తడబడిందా, కలం మూసేసేవారు. "ఇద్దరూ కలిసి నాలుగు గట్లూ తొక్కి రండి. కాగితం రేపు రాసుకుందాం." ముహూర్తం దాటిపోతోందని కొనేవాళ్లకు కోపం వచ్చేది. నాన్న కదిలేవారు కాదు.

ఆయన దస్తావేజులు రాసేవారు. గోదావరి పక్క ఒక చిన్న పట్నంలో, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురింట్లో, ముప్ఫై ఏళ్లకు పైగా అదే పని. ఊరందరికీ రైటరుగారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చిత్తుప్రతి చదివి వినిపించే పని నాకు అప్పజెప్పారు. తెలుగులో రాసే క్రయ దస్తావేజు నిజానికి ఒక ఉత్తరం. అమ్మేవాడు 'నేను', 'మీకు' అంటూ కొనేవాడితో మాట్లాడతాడు. నాకు పిత్రార్జితంగా వచ్చి, నా స్వాధీనంలో ఉండి, నా కుటుంబ అవసరాల నిమిత్తం మీకు అమ్మి, సొమ్ము ముట్టి, ఇలా ఒకే వాక్యం పుట తర్వాత పుట సాగిపోతుంది. ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో నాకు తెలిసేది కాదు. అయినా నాన్న తొందరపడనిచ్చేవారు కాదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చదువు రాకపోవచ్చు, కానీ అది ఆయన నోటిమాటగా కాగితానికెక్కుతోంది, ప్రతి ముక్కా ఆయన చెవిన పడాలి అనేవారు.

ఒకసారి ఒక ముసలావిడ ఉత్తరపు హద్దు దగ్గర నన్ను ఆపేసింది. "ఆ నూతిలో మాకూ పాలుంది కదా బాబూ, నీళ్లు తోడుకునే మాట రాయలేదేం?" ఆవిడ అమ్ముతున్నది సగం చేను. నుయ్యి అమ్మే సగంలో పడింది, ఉంచుకున్న సగానికి వేరే నీళ్లు లేవు. కొనేవాడు మొహం చిట్లించాడు. నాన్న చిత్తులో ఒక పంక్తి చేర్చి, మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. సాపు రాయడం, ఆవిడ వేలిముద్ర వేయడం ఆ తర్వాతే జరిగాయి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 21వ సెక్షన్ అంటే నాన్నకు చాలా గౌరవం. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరం లేని కాగితాన్ని రిజిస్ట్రేషన్‌కు తీసుకోకూడదని అది చెబుతుంది. ఆఫీసు గదిలో ముఖ్యంగా తేల్చుకునేది, కాగితం రాసిచ్చిన మనిషి మీరేనా, రాసిచ్చినట్టు ఒప్పుకుంటున్నారా అన్నదే. ఫొటో, వేలిముద్రలు అయ్యాక నంబరు వేసి, ఆస్తి కాగితాన్ని ఒకటో పుస్తకంలో చేరుస్తారు. అమ్మేవాడికి అసలు హక్కుందా లేదా అని తీర్పు చెప్పే పని చట్టం ఆ బల్లకు అప్పగించలేదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి ఇక తిరుగులేదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఎందరో. ఫలానా రోజున ఫలానా మనిషి ఈ మాట రాసిచ్చాడన్న సంగతిని ఆఫీసు భద్రం చేస్తుంది. మాట తప్పుగా పడితే ఆ తప్పూ అంతే భద్రంగా ఉంటుంది. రుసుము కట్టిన ఎవరైనా ఒకటో పుస్తకం చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ నకలు చదివేవాడికి మన మనసులో ఏముందో తెలియదు, కాగితం మీద ఏముందో అదే తెలుస్తుంది.

1998లో ఉమ్మడి రాష్ట్రంలో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు గుమాస్తాలు ప్రతి దస్తావేజునూ పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవారు, అసలు కాగితం చేతికి రావడానికి వారాలు పట్టేది. ఆ కష్టం పోవడం మంచిదే. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి, సాగుభూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసుకు చేరింది. ఎన్ని మారినా తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న నాలుగు గడులు ఏదో ఒక రూపంలో అలాగే ఉన్నాయి. వాటిని నింపాలంటే ఎవరో ఒకరు ఎండలో నేల మీదికి వెళ్లాల్సిందే.

ఇదంతా తెలిసిన నేనే ఆ పని చెయ్యలేదు.

నాన్న పోయిన రెండేళ్లకు ఇరవై సెంట్ల దిబ్బ కొన్నాను, గజాల్లో 968. కాగితం ఒక కంప్యూటర్ సెంటర్లో తయారైంది. పాత లింకు డాక్యుమెంటు ముందు పెట్టుకుని పేర్లు మార్చారు. నేను పేరు, ఆధార్ నంబరు, సొమ్ము సరిచూసుకుని సంతకం పెట్టాను. హద్దులు చదవలేదు. తూర్పు: పుంత అని ఉంది, అంటే బండ్ల బాట. ఒకప్పుడు నిజమే. కానీ అమ్మినాయన నాకంటే ముందే పుంత వెంబడి అయిదు సెంట్లు వేరే ఆయనకు అమ్మేశారు. ఆయన కూరగాయల బండి నడుపుకుంటూ, ఆ ముక్కలో రేకుల ఇల్లు వేసుకున్నారు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. అంటే నా కాగితం చదివితే ఆయన ఇల్లు నా దిబ్బలో ఉన్నట్టే. బ్యాంకు లాయరు వేలు పెట్టి చూపించేదాకా నాకు తెలియదు. నాన్న ఆ ప్రశ్న ఎవరి కోసం అడిగేవారో ఆ రోజు తెలిసింది. అమ్మేవాడూ కొనేవాడూ అరుగు మీదే ఉన్నారు. అక్కడ లేని మనిషి తూర్పువైపాయన.

సవరణ దస్తావేజుకు ఏడు నెలలు పట్టింది. అమ్మినాయన అప్పటికే కాలం చేశారు. కొడుకు బెంగళూరు నుంచి, ఇద్దరు కూతుళ్లు హైదరాబాదు నుంచి రావాల్సి వచ్చింది. చిన్నమ్మాయి మాత్రం, "అంకుల్, ఒకసారి స్థలం చూశాక సంతకం పెడతాను" అంది. అందరం కలిసి వెళ్లాం. టేపు పట్టుకుని తూర్పుగట్టు వెంట నడిచాం. కూరగాయల బండాయన మాకంటే ముందు నడుస్తూ తన రాళ్లు చూపించారు.

చిత్తు నేనే రాశాను, బయటికి చదివాను. తూర్పు హద్దులో పుంత పోయి ఆయన పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. మొదటి సాక్షి సంతకం కూడా ఆయనదే.