ఆకురాయికి ముందు పని

పియానో అకార్డియన్‌ను శ్రుతి చేయడమంటే ఉక్కును గీకి తీసివేయడమే. తీగ వాద్యాలకు ఉన్నట్టుగా బిగించడానికీ వదులు చేయడానికీ దీనికి బిరడలు లేవు. రీడు మీద నుంచి ఒకసారి రాలిన రజను తిరిగి దానిని చేరదు. అందుచేత అరవై డెబ్బై ఏళ్ల నాటి వాద్యం మరమ్మతుకు వచ్చినప్పుడు, ఎంత తక్కువ గీకి దానిని దాని శ్రుతికి చేర్చగలమన్నదే మంచి పనివాడు అన్నిటికంటే ముందు ఆలోచించవలసిన విషయం.

రీడు అంటే ఒక లోహపు పలక, అందులో సన్నని గాడి, ఆ గాడి మీద ఒక కొసను మాత్రమే రివెట్టుతో బిగించిన పలుచని నాలుక. తిత్తిలోని గాలి ఒరుసుకుంటూ పోయేటప్పుడు ఆ నాలుక గాడిలోకీ బయటికీ ఊగుతూ గాలిని తెంపుతూ వదులుతూ ఉంటే, ఆ ఊపు వేగాన్ని బట్టి స్వరం ఏర్పడుతుంది. మన పద్యనాటకాల వేదికల మీద తరాలుగా మోగిన హార్మోనియంలోనూ సూత్రం ఇదే. అయితే అక్కడ నాలుక ఇత్తడిది, గాలి రీడు గుండా ఒకే దిశలో పోతుంది గనుక పలకకు ఒక్క నాలుక చాలు. అకార్డియన్ మాత్రం తిత్తిని విప్పినప్పుడూ మూసినప్పుడూ పలకాలి. అందుకని దాని పలకకు రెండు గాడులు, రెండు ఉక్కు నాలుకలు, ఒకటి ఈవైపు, మరొకటి ఆవైపు ఉంటాయి. ఒక నాలుక మోగేటప్పుడు రెండో గాడిలోంచి గాలి వృథాగా పోకుండా సన్నని తోలు పట్టీ దానిని మూసి ఉంచుతుంది.

వియన్నాలో సిరిల్ డెమియన్ 1829లో పేటెంటు పొందిన తొలి అకార్డియన్ చాలా చిన్న పెట్టె. ఇటలీలోని కాస్టెల్‌ఫిదార్దో పట్టణంలో పావొలో సొప్రాని 1863 ప్రాంతంలో పని మొదలుపెట్టిన తరువాత ఆ ఊరు ఈ వాద్య నిర్మాణానికి కేంద్రమైంది. కుడివైపు 41 మెట్లకు నాలుగేసి రీడు వరసలు, ఎడమవైపు 120 బొత్తాల వెనుక పన్నెండు స్వరాలకు ఐదేసి వరసలు గల పెద్ద వాద్యంలో నాలుకలను లెక్కిస్తే కుడిచేతికి 328, ఎడమచేతికి 120, మొత్తం 448 వస్తాయి. వీటిలో మేలురకం చేతి రీడ్లు. నీలిరంగు తేలేలా కాచిన ఉక్కు పట్టీ నుంచి కోసి తీర్చినవి కాబట్టి వాటి అంచుల్లో ఆ నీలం ఇప్పటికీ కనిపిస్తుంది.

పాత వాద్యం అపశ్రుతి పలికినంత మాత్రాన దాని ఉక్కు మారిపోయిందనుకోవడం తొందరపాటు. రీడు పలకలను చెక్క దిమ్మెలకు అతికించేది తేనెమైనంలో రోజిన్, అంటే వయొలిన్ కమానుకు రాసే చెట్టు బంక, కలిపి కాచిన ముద్ద. దశాబ్దాలు గడిచేసరికి అది ఎండి పెళుసుబారుతుంది, పగుళ్లలోంచి గాలి జారుతుంది, దాంతో స్వరం నీరసించడమే కాక స్థానం కూడా తప్పుతుంది. తోలు బిరుసెక్కి వంకరతిరిగితే నాలుక ఆలస్యంగా పలుకుతుంది, పలికినా జీరపోతుంది, ఒక్కొక్కప్పుడు జతనాలుక శ్రుతిని కూడా చెడగొడుతుంది. కొస మీద పట్టిన తుప్పు స్వరాన్ని దించుతుంది. ధూళి రేణువు ఒకటి ఇరుక్కుంటే స్వరమే పోతుంది, ఎందుకంటే నాలుకకూ గాడి అంచుకూ నడుమ ఖాళీ మిల్లీమీటరులో వందో వంతులతో కొలిచేటంత సన్ననిది. వీటిని సరిచేయకుండా శ్రుతిమాపకాన్ని చూసి గీకినవాడు, మైనం చేసిన తప్పుకు ఉక్కును శిక్షించినవాడవుతాడు. ఆ తరువాత ఎవరో మైనం కొత్తగా పోసిననాడు అదే రీడు ఎదురుదిక్కున శ్రుతి తప్పి ఉంటుంది, మళ్లీ గీకవలసి వస్తుంది, నాలుక ఇంకొంత పలచబడుతుంది. మైనం, తోలు, తుప్పు, ధూళి అన్నిటి పనీ ముగించి, వాద్యాన్ని కొన్నాళ్లు మామూలుగా వాయించనిచ్చి, అప్పుడు కొలవడమే సరైన పద్ధతి. అప్పటికి కొన్ని రీడ్లు ఆకురాయి తగలకుండానే తమ స్థానానికి దగ్గరగా వచ్చి ఉంటాయి.

గీకడం వెనుక ఉన్న సూత్రం సులువైనదే. నాలుక కొస దగ్గర లోహం తీస్తే ఊగే బరువు తగ్గి స్వరం హెచ్చుతుంది. రివెట్టు వైపు, అంటే మొదట్లో తీస్తే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. చేతి నేర్పు మాత్రం ఏళ్ల తరబడి అలవడవలసినది. నాలుక కింద పలుచని రేకు దూర్చి ఆసరా ఇవ్వాలి. గీతలు నాలుక పొడుగునే పోవాలి, అడ్డంగా పడిన గీత దగ్గర ఉక్కు అలసి ఏదో ఒకనాటికి విరుగుతుంది. లోపలివైపు నాలుకను, తోలు పట్టీ ఎత్తి, గాడిలోంచే అందుకోవాలి. రాపిడి వేడికి నాలుక కొంచెం దిగి పలుకుతుంది గనుక అది చల్లారేదాకా ఆగి వినాలి. పైగా తిత్తి అమర్చిన పనిబల్ల మీద రీడు పలికే స్వరమూ, అదే రీడు వాద్యం లోపల తన అరలో, మెట్టు తెరిచిన రంధ్రం గుండా పలికే స్వరమూ ఒకటి కావు. అందువల్ల అనుభవజ్ఞులు వాద్యంలోనే కొలిచి, తప్పిన మేరకే బల్ల మీద సవరించి, మళ్లీ వాద్యంలో అమర్చి వింటారు. తిత్తిని గట్టిగా నొక్కితే మంద్రస్థాయి రీడ్లు ఇంకా దిగుతాయి కాబట్టి, కొలిచినంతసేపూ ఒత్తిడి ఒకే తీరుగా ఉండాలి.

ఇంత శ్రమా పడి ఒక మెట్టు కింది రీడ్లన్నిటినీ తేడా లేకుండా కలిపేస్తే ట్రెమోలో పోతుంది. జంట రీడ్లలో ఒకటి 440 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 440 కంపనాల దగ్గర, రెండోది 443 దగ్గర ఉంటే, ధ్వని సెకనుకు మూడుసార్లు హెచ్చి తగ్గుతుంది. భౌతికశాస్త్రం విస్పందనాలనే ఈ అలల వల్లనే ఆ గొంతుకు ఆర్ద్రత వస్తుంది. అర్ధస్వరంలో నూరో వంతును సెంటు అంటారు, ఈ తేడా సుమారు 12 సెంట్లు. అదే 12 సెంట్లను పై స్థాయిలోని 880 హెర్ట్జ్ స్వరానికి ఇస్తే అలలు ఆరవుతాయి, ఇంకో స్థాయి ఎక్కితే పన్నెండవుతాయి, అప్పుడు చెవికి అది వణుకుగా తోస్తుంది; అందుకే పైకి పోయే కొద్దీ సెంట్లను తగ్గించుకుంటూ రావాలి. ఎంత తగ్గించాలన్నది తొలినాటి శ్రుతికారుడి అభిరుచి. శ్రుతి చెదిరిన వాద్యంలో కూడా చెదరని మెట్లు కొన్ని మిగులుతాయి. వాటి మీద విస్పందనాలను ఓపికగా లెక్కిస్తే ఆయన ఎంచుకున్న క్రమం దాదాపుగా బయటపడుతుంది. దానిని తుడిచేసి తన క్రమాన్ని రుద్దే హక్కు మరమ్మతు చేసేవాడికి లేదు.

ఆధారశ్రుతి విషయంలోనూ ఇదే వినయం అవసరం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1975లో 440 హెర్ట్జ్‌ను ప్రమాణంగా ఖాయం చేసినా, యూరప్‌లో 442 దగ్గర శ్రుతి చేసిన అకార్డియన్లు అనేకం. అటువంటి వాద్యాన్ని 440కి దించాలంటే దాదాపు ఎనిమిది సెంట్ల కోసం 448 నాలుకల మొదళ్లనూ పలచన చేయాలి. అది పియానో వంటి స్థిరశ్రుతి వాద్యంతో కలిసి పలకవలసి ఉంటే తప్ప ఆ పనికి పూనుకోకూడదు. పూనుకున్నా, మునుపటి గీతలు ఎంత లోతున పడ్డాయో దీపం వెలుగులో నాలుక నాలుకకూ చూసి, ఉక్కు ఇప్పటికే అరిగి ఉంటే ఆ కోరికను నిరాకరించి, 442 దగ్గరే ఆ వాద్యం తనలో తాను కలిసేలా చేసి యజమానికి అప్పగించడం మేలు.