ఆశ్రమవాసం - ఎంపిక ఎవరిది? వృద్ధుల నివాస నిర్ణయంపై భద్రాచల మన్యం నుంచి ఒక సాహిత్య పరిశీలన

ప్రవేశిక

ఇంట్లోని పెద్దవారు ఒంటరిగా ఉండలేని స్థితికి వచ్చినప్పుడు వారి నివాసం ఎక్కడ అన్న ప్రశ్న నేడు ఖమ్మం పట్టణంలోనూ, భద్రాచలం పరిసర మన్యంలోనూ అనేక కుటుంబాల ముందుంది. పది పదిహేను మంది మాత్రమే ఉండి, భోజనం, మందులు, స్నానానికి సాయం, రాత్రిపూట తోడు ఒకే కప్పు కింద లభించే చిన్న నివాసం అటువంటి వారికి ఒక మార్గం. అయితే అటువంటి చోటును వెదకడానికి బయలుదేరిన మనిషికి మొదట ఎదురయ్యేది 'వృద్ధాశ్రమం' అన్న మాట. ఆ మాట వెంట తెలుగు సమాజం సిద్ధం చేసి ఉంచిన ఒక కథ ఉంది. అందులో కృతఘ్నుడైన కొడుకు, నిర్దయురాలైన కోడలు, గేటు దగ్గర నిలబడి దారివంక చూసే తల్లి ఉంటారు. ఈ కథాచట్రంలో ఆశ్రమం సంతానంపై వెలువడిన తీర్పు. తీర్పు ముందే వెలువడితే విచారణకు చోటుండదు. ఎవరు నిర్ణయించారు, ఏమేమి అడిగి తెలుసుకున్నారు, నచ్చకపోతే తిరిగి రావచ్చునా అన్న ప్రశ్నలను ఈ చట్రం మింగివేస్తుంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నలనే విమర్శ ప్రమాణాలుగా స్వీకరిస్తుంది. మన ప్రాచీన వాఙ్మయంలోనూ, భద్రాచల ప్రాంతపు స్థలపురాణంలోనూ వృద్ధుల నివాస నిర్ణయం ఎంతో వివరంగా, వృద్ధులే కర్తలుగా చిత్రితమైందనీ, ఆధునిక కల్పనలో ఆ కర్తృత్వం సన్నగిల్లిందనీ నిరూపించడం దీని ఉద్దేశం. భద్రాచలాన్ని కేంద్రంగా ఎంచుకోవడానికి కారణం ఉంది. రామకథలోని వనవాసాన్ని తన నేలపైనే గుర్తించుకున్న ఈ ప్రాంతంలో నది, అడవి, రాష్ట్ర సరిహద్దు, కోయ భాష కలిసి పెద్దల నివాస సమస్యను దాని పూర్తి బరువుతో మన ముందుంచుతాయి.

ఆశ్రమం: మాట - అర్థం

'ఆశ్రమ' శబ్దం 'శ్రమ్' ధాతువు నుంచి పుట్టింది. తపస్సు, సాధన, సేవ మొదలైన శ్రమ సాగే చోటు ఆశ్రమం. జీవితదశకు కూడా అదే పేరు. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో వానప్రస్థం గురించి చెప్పిన సందర్భాన్ని గమనిస్తే, గృహస్థు తన ముడుతలను, నెరసిన తలను, కొడుకు బిడ్డను తానే చూసుకొని అడవికి బయలుదేరతాడు. చూసేవాడూ అతడే, బయలుదేరేవాడూ అతడే. ఆ వ్యవస్థ ద్విజ పురుషుని ఉద్దేశించినదే. భార్యను కొడుకులకు అప్పగించవచ్చు, లేదా వెంట తీసుకుపోవచ్చు అని చెప్పిన చోట స్త్రీ అభిప్రాయానికి స్థానం లేదు. ఈ పరిమితిని గుర్తించిన తరువాత కూడా ఒక అంశం మిగులుతుంది. వానప్రస్థంలో క్రియకు కర్త వృద్ధుడు. నేటి వాడుకలో 'ఆశ్రమంలో చేర్చారు', 'ఆశ్రమంలో పెట్టారు' అంటాం. కర్త మారాడు, వృద్ధుడు కర్మకారకమయ్యాడు. శ్రమ కూడా ఆశ్రమం నుంచి తొలగిపోయింది. 'వృద్ధాశ్రమం' అన్న సమాసంలో మిగిలింది విశ్రాంతి ఒక్కటే, అది కూడా చాలాసార్లు పని లేమికి మారుపేరుగా.

ఆశ్రమవాస పర్వం: అడగడం, కాదనడం, అనుమతించడం

తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాలలో ఆశ్రమవాస పర్వం ఒకటి. యుద్ధపర్వాలపై వచ్చినంత విమర్శ దీనిపై రాలేదు. ఇంటి పెద్దలు ఇల్లు విడిచే ఘట్టాన్ని ఒక పర్వమంతా విస్తరించిన కావ్యభాగంగా దీనిని చదివితే కొత్త కోణాలు కనిపిస్తాయి.

మూలకథ ప్రకారం యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేను సంవత్సరాలు హస్తినలోనే ఉంటాడు. ధర్మరాజు అతనికి భోజనంలో, గౌరవంలో ఏ లోటూ రానివ్వడు. అయినా భీముడు అతని చెవిన పడేటట్టు తన భుజబలాన్ని పొగడుకుంటూ కొడుకుల చావును గుర్తుచేస్తూ ఉంటాడు. లోటు తిండిలో లేదు, మాటలో ఉంది. వృద్ధుడు రహస్యంగా ఆహారం తగ్గించి, నేలపై పడుకుంటూ వచ్చాడు. ఆ సంగతి గాంధారికి తెలుసు, ధర్మరాజుకు తెలియదు. ధృతరాష్ట్రుడు అడవికి పోతానని అనుమతి కోరి, నీరసించి సొమ్మసిల్లినప్పుడే అది బయటపడింది. ఒకే ఇంట్లో ఉండటం చూసుకోవటంతో సమానం కాదని ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది. ధర్మరాజు చల్లని చేతితో అతని ముఖాన్ని, రొమ్మును నిమిరితే అతడు తేరుకుంటాడు. మళ్ళీ అలాగే తాకమంటాడు. ధనధాన్యాలన్నీ సమకూరిన ఇంట్లో ఆ వృద్ధునికి కరువైనదేమిటో ఆ కోరిక చెబుతుంది.

ఆ తరువాతి క్రమం గమనించదగినది. పెద్ద అడిగాడు. కొడుకువంటివాడు కాదన్నాడు. వ్యాసుడు మధ్యవర్తిగా వచ్చి ఒప్పించాడు. ధృతరాష్ట్రుడు పౌరుల దగ్గర కూడా సెలవు తీసుకున్నాడు. శ్రాద్ధకర్మలకు ధనం అడిగినప్పుడు భీముడు అభ్యంతరం చెబితే అర్జునుడు, ధర్మరాజు ఇవ్వటానికి ముందుకు వచ్చారు. కొడుకులు ఎంత వేడుకున్నా కుంతి ఆగలేదు. ఆమెది ఎవరూ ఆశించని ఎంపిక. నిందించవలసిన కొడుకులు లేని తల్లి కూడా ఇల్లు విడవవచ్చునని మహాభారతం అంగీకరించింది. మన ఆధునిక కథాచట్రంలో కుంతికి చోటు లేదు.

అడవిలో వారిది చిన్న నివాసం. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు వెరసి ఐదుగురు. రాజ్యాన్ని కొడుకుకు అప్పగించి ముందే వచ్చిన శతయూపుడు వారికి వనవాస నియమాలు నేర్పుతాడు. కొత్తగా వచ్చినవారికి పాతవారు దారి చూపటం అక్కడ ఉంది. ఎగుడుదిగుడు నేలపై సంజయుడు ధృతరాష్ట్రుని నడిపించాడు, కుంతి గాంధారికి కన్నయింది. పాండవులు పరివారంతో వచ్చి దాదాపు నెలరోజులు వారితో గడిపారు.

అంతటితో పర్వం ముగిసి ఉంటే ఇది ఆదర్శ చిత్రణ అయ్యేది. కాని వ్యాసుడు అక్కడ ఆపలేదు. పాండవులు తిరిగి వెళ్ళిన రెండేళ్ళకు నారదుడు వచ్చి, కార్చిచ్చులో ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి దగ్ధమయ్యారని చెబుతాడు. ఉపవాసాలతో చిక్కిపోయిన వారు పారిపోలేకపోయారు. ఆ మంట వారు పూజించిన అగ్నుల నుంచే, యాజకులు అడవిలో వదలివేయగా రేగినదని నారదుడే వివరిస్తాడు. తల్లి మరణవార్తను కొడుకులు మూడో మనిషి నోట విన్నారు. అనుమతి ఇవ్వటంతో బాధ్యత తీరదనీ, చూసి వచ్చిన తరువాత కూడా చూస్తూనే ఉండాలనీ ఈ విషాదాంతం చెబుతున్నది. ఎంపికను గౌరవించిన కావ్యమే ఎంపిక తరువాతి నిర్లక్ష్యాన్ని కూడా నమోదు చేసింది.

శబరి, దమ్మక్క: ఆతిథ్యమిచ్చే వృద్ధురాలు

శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ పేరు రామాయణంలోని శబరిదేనని ఈ ప్రాంత ప్రజలు చెప్పుకుంటారు. వాల్మీకి శబరి ఆశ్రమాన్ని పంపా తీరంలో చూపాడు. ఆమె సేవించిన మునులు వెళ్ళిపోయిన తరువాత కూడా ఆమె అక్కడే ఉండిపోయింది. అడవిలో దొరికిన ఫలాలను సేకరించి ఉంచింది, రామునికి ఆ వనాన్ని తిప్పి చూపింది. ఎంగిలి పండ్ల కథ తరువాతి సంప్రదాయం చేర్చినదే. మూలంలోని శబరి ఆశ్రమానికి యజమానురాలు. వచ్చినవారికి ఆమె దారి చూపుతుంది, వారి జాలిపై ఆధారపడదు.

భద్రాచల స్థలపురాణంలో పోకల దమ్మక్క ఉన్నది. 17వ శతాబ్దిలో భద్రిరెడ్డిపాలెంలో నివసించిన ఆమె కొండపైని విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నివేదించిందని ఐతిహ్యం. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న ఆలయం కట్టించటానికి ముందరి కథ ఇది. నేటికీ ఆమె పేరిట భద్రాచలంలో సేవాయాత్ర జరుగుతున్నది. గోపన్న కథలో ఖజానా, చెర, తానీషా ఉన్నాయి. దమ్మక్క కథలో ఒక పందిరి, ఒక పండు ఉన్నాయి. దేవునికి నీడ కల్పించినది ఒక గిరిజన వృద్ధురాలు. వృద్ధాప్యాన్ని కేవలం పోషణకు ఎదురుచూసే దశగా ఈ ఐతిహ్యం చూడలేదు. శబరి, దమ్మక్క ఇద్దరికీ సంతానం ప్రస్తావన ముఖ్యం కాదు. వారికి చోటు ఉంది, చేయటానికి పని ఉంది, ఎదురుచూడటానికి ఒకరున్నారు. నివాసాన్ని అంచనా వేయటానికి ఈ మూడూ నేటికీ పనికివచ్చే ప్రమాణాలే.

ఆధునిక రచన: కథ ఆగిన చోటు

ఆధునిక కాలంలో వృద్ధ దంపతుల జీవితాన్ని ప్రేమగా చిత్రించిన రచనలలో శ్రీరమణ 'మిథునం' ప్రసిద్ధం. తనికెళ్ళ భరణి దీనిని 2012లో చలనచిత్రంగా తీశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి తమ ఇంట్లో, తమ పెరట్లో, తమ వంటింట్లో శ్రమిస్తూ ఉంటారు. ఈ అర్థంలో వారి ఇల్లే నిజమైన ఆశ్రమం. భర్త తనకన్న ముందు పోవాలని బుచ్చిలక్ష్మి కోరుకోవటానికి కారణం, తాను ముందు పోతే ఆయనను చూసుకునేవారు ఉండరన్న భయం. ఆమె కోరుకున్నట్టే జరుగుతుంది. కాని ఆ తరువాత బుచ్చిలక్ష్మిని చూసుకునేదెవరు? ఆమె ఎక్కడుంటుంది? కథ ఆ గడప దాటదు. కథాశిల్పం రీత్యా అది సరైన ముగింపే. అయినా మన కల్పన ఎంతవరకు వచ్చి ఆగుతుందో చెప్పే గుర్తుగా దానిని చదవాలి. ఎంపిక అవసరమయ్యే క్షణంలోనే కథ ముగుస్తుంది.

'బడిపంతులు' (1972) చలనచిత్రం మరొక కొసను చూపుతుంది. అక్కడ వృద్ధ దంపతులు కొడుకుల ఇళ్ళ మధ్య విడిపోతారు. ఇల్లే ఉన్నా, సంతానమే ఉన్నా, ఎక్కడ ఎవరితో ఉండాలన్న నిర్ణయం వారి చేతిలో లేదు. ఈ రెండు కృతులను పక్కపక్కన పెడితే, ఇల్లు మంచిది, ఆశ్రమం చెడ్డది అన్న విభజన నిలవదు. నిర్ణయం ఎవరిదన్నదే అసలు భేదం.

చట్టం భాష, సరిహద్దు బతుకు

సాహిత్యంతోపాటు చట్టాన్ని కూడా ఒక పాఠంగా చదవవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రతి జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి అన్న కొలతను ప్రతిపాదించింది. ఐదుగురి ఆశ్రమవాసానికీ 150 మంది వసతికీ ఉన్న దూరం అంకెలలోనే ఉంది. అదే చట్టం 'బంధువు' అన్న మాటను నిర్వచించిన తీరు మరింత ఆలోచింపజేస్తుంది. సంతానం లేని వృద్ధుల ఆస్తిని అనుభవిస్తున్న, లేదా వారి తరువాత ఆ ఆస్తి సంక్రమించే, మైనరు కాని వారసుడే బంధువు. ఈ లెక్కన సంతానమూ ఆస్తీ లేని మేనత్తకు చట్టం దృష్టిలో బంధువే లేడు. పట్టా లేని పోడు భూమిపై బతికిన కుటుంబాలున్న మన్యంలో ఈ నిర్వచనం ఎందరిని వదలివేస్తుందో ఊహించవచ్చు. మేనల్లుడు ఆమెను చూసుకుంటే అది ప్రేమ వల్లనే, చట్టం వల్ల కాదు.

సరిహద్దు మరొక చిక్కు. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో, తరువాత ఖమ్మం జిల్లాలో, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దానిని ఆనుకొని ఉన్న ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. వృద్ధాప్య పింఛను తెలంగాణలో 2019లో 2,016 రూపాయలు అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలు. ఎటపాక నుంచి అవ్వను ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని భద్రాచలంలోని నివాసంలో చేర్చదలచిన కుటుంబం ముందుగా అడగవలసిన ప్రశ్న, ఆమె పింఛను, రేషను ఏమవుతాయన్నది.

గోదావరి మూడో ప్రశ్న. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు మూడోది. 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులు దాటి చేరింది. ధృతరాష్ట్రుడు మంట నుంచి పారిపోలేకపోయిన ఘట్టాన్ని చదివినవారు, నడవలేని మనిషిని వరద రాత్రి ఎవరు ఎత్తుకుపోతారని ఆ నివాస నిర్వాహకుని అడగకుండా ఉండలేరు.

నాలుగోది భాష. తెలుగు శాఖలు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది ఇదే. జీవితమంతా కోయ మాట్లాడిన వృద్ధురాలు జ్ఞాపకం సడలుతున్న కాలంలో తరువాత నేర్చిన తెలుగును ముందుగా కోల్పోవచ్చు. నొప్పి ఎక్కడో చెప్పటానికి, దాహమని అడగటానికి ఆమె మాట అర్థమయ్యే మనిషి ఒక్కరైనా లేని నివాసం ఎంత శుభ్రంగా ఉన్నా ఆమెకు అడవికన్న నిర్జనం. భీముని మాట వృద్ధుని ఇంటి నుంచి తరిమింది. మాటే లేకపోవటం అంతకన్న కఠినమైన వెలి.

ముగింపు

ఈ పరిశీలన వృద్ధాశ్రమాలను సమర్థించదు, ఖండించదు. 'వృద్ధాశ్రమం' తీర్పుగా మారటం వల్ల కుటుంబాలు సిగ్గుతో, తొందరతో, ఎవరికీ తెలియకుండా నిర్ణయిస్తున్నాయి. సిగ్గుపడేవాడు ప్రశ్నలు అడగడు. వృద్ధుల చేత ఒకటి రెండు రోజులు అక్కడ ఉండి చూడమని చెప్పడు, రాత్రిపూట ఎవరుంటారో కనుక్కోడు, చేర్చిన తరువాత తరచుగా వెళ్ళడు. అందువల్ల నష్టపోయేది వృద్ధులే.

ఆశ్రమవాస పర్వం అడగటాన్ని, కాదనటాన్ని, మధ్యవర్తిత్వాన్ని, వెంట వెళ్ళేవారిని, చూడటానికి రావటాన్ని, రాకపోతే జరిగేదానిని వరుసగా చూపింది. శబరి, దమ్మక్కల కథలు వృద్ధురాలికి తన చోటుపై ఉన్న అధికారాన్ని గుర్తుచేశాయి. ఈ సంప్రదాయం చేతిలో ఉండగా, గేటు దగ్గర నిలిచిన తల్లి బొమ్మనే మళ్ళీ మళ్ళీ గీయటం సాహిత్యానికి అవసరం లేదు. గేటు లోపల ఆమె దినచర్య ఏమిటి, పక్క మంచం మీది మనిషితో ఏ భాషలో మాట్లాడుతుంది, పెరట్లో ఆమె నాటిన మొక్క ఏది, ఇంటికి పోతానంటే వినేదెవరు అన్నవి ఇంకా రాయవలసిన కథలు. వృద్ధాప్య కథలను పరిశీలించే విమర్శకులు కొడుకు మంచివాడా చెడ్డవాడా అని తేల్చే ముందు, ఆ కథలో పెద్దావిడను ఎవరైనా ఏమైనా అడిగారా అని చూడాలి.